నిమ్మకాయ తొక్కించే ముందు

ఉగాది వస్తే మా కల్లూరులో బండ్ల సందడి రెండు చోట్ల ఉంటుంది. ఒకటి చౌడేశ్వరమ్మ గుడి దగ్గర. గుడి చుట్టూ బురద చేసి, ఆ బురదలో ఎద్దుల బండ్లతో, గాడిదలతో ప్రదక్షిణ చేయించడం ఇక్కడి ఆనవాయితీ. రెండోది కార్ల షోరూముల దగ్గర. పండగ రోజే కొత్త కారు ఇంటికి రావాలని ముందే మాట్లాడుకున్నవాళ్లు కొబ్బరికాయలు, నిమ్మకాయలు, బంతిపూల దండ సంచిలో వేసుకుని తెల్లారేసరికి గేటు ముందు నిలబడతారు.

మా జేజినాయనకు ఎద్దుల బండి ఉండేది. పండగ ముందురోజు ఆయన చేసే పని నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఇరుసుకు కందెన పెట్టేవాడు. చక్రం సీల ఊడదీసి, అరిగిందేమో వేలితో తడిమి చూసి మళ్లీ దిగ్గొట్టేవాడు. కాడికి కట్టిన తాళ్లు లాగి చూసేవాడు. ఎద్దుల కాళ్లు ఒక్కొక్కటీ ఎత్తి లాడాలు చూసేవాడు. "రేపు పొద్దున చూడొచ్చు కదా జేజినాయనా" అంటే, "బురదలో దిగినాక ఏం చూస్తావురా" అనేవాడు.

నేనిప్పుడు కర్నూలులో ఒక కార్ల షోరూములో అదే పని చేస్తున్నాను. మా భాషలో దాన్ని పీడీఐ అంటాం, అంటే ప్రీ డెలివరీ ఇన్‌స్పెక్షన్. కొత్త కారు కొన్నవాళ్ల చేతికి వెళ్లేలోపు దాన్ని పూర్తిగా చూసి, సరిచేసి, వాళ్లకు తగినట్టు అమర్చి ఇవ్వడం. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. కారు కొనేటప్పుడు రంగు గురించి, మైలేజీ గురించి, డిస్కౌంటు గురించి నెలల తరబడి ఆరా తీసేవాళ్లు ఈ ఒక్క పని గురించి మాత్రం అడగరు. అందుకే ఇది రాస్తున్నాను.

"ఫ్యాక్టరీలో అన్నీ చూసే పంపిస్తారు కదా, మళ్లీ మీరు చూసేదేముంది?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్యాక్టరీలో చూస్తారు, బాగానే చూస్తారు. కానీ అక్కడి నుంచి కారును నిద్రపుచ్చి పంపుతారు. దాన్ని లేపేది మేము.

మా సీమకు ఫ్యాక్టరీ అనేది ఇప్పుడు దూరపు మాట కూడా కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019 జనవరి 29న ట్రయల్ ఉత్పత్తి మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో సెల్టోస్ లైను దిగింది, డిసెంబరు 5న ఫ్యాక్టరీని లాంఛనంగా ప్రారంభించారు. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే సామర్థ్యంతో కట్టిన ఫ్యాక్టరీ అది. కర్నూలు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పోతే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. వాన కోసం ఆకాశం చూసే నేల మీద కారు తయారవుతోందని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. కానీ పెనుకొండలో తయారైనా, మద్రాసు పక్కన శ్రీపెరుంబుదూరులో తయారైనా, హర్యానాలోని మానేసర్‌లో తయారైనా కారు మా దాకా రావాలంటే ట్రెయిలరు ఎక్కాలి, తాళ్లతో చక్రాలు కట్టించుకోవాలి, ఎండకు ఎండాలి, యార్డులో వారాలో నెలలో నిలబడాలి. ఆ ప్రయాణానికి తగ్గట్టు దానికి కొన్ని ఏర్పాట్లు చేసి పంపుతారు. అవి తీసేయకుండా చేతికిస్తే మంచి కారు కూడా చెడ్డ కారు అవుతుంది.

బ్యాటరీ సంగతి చూడండి. ఆపి ఉంచిన కారు కూడా కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటుంది. రిమోటు తాళం నొక్కితే వినాలి కదా, అలారం కాచుకుని ఉండాలి కదా, గడియారం నడవాలి కదా. నెల రోజులు కదలకపోతే బ్యాటరీ నీరసిస్తుంది. అందుకని కొన్ని కార్లలో ఒక ఫ్యూజు తీసి పంపుతారు. కొన్నింటిని కంప్యూటరుతో ట్రాన్స్‌పోర్టు మోడ్‌లో పెడతారు. హ్యుందాయ్, కియా కార్లలో చాలావాటికి డ్రైవరు మోకాలి దగ్గరి ఫ్యూజు పెట్టెలో ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. దాన్ని ఆన్ చేసేదాకా ఫ్యూజు స్విచ్చి ఆన్ చేయమని మీటరు మీద రాత వస్తూనే ఉంటుంది. మేము ముందు మీటరు పెట్టి బ్యాటరీ ఓల్టేజి చూస్తాం. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 కంటే తగ్గితే ఛార్జింగుకు పెడతాం. 12 దాకా పడిపోయిందంటే అది కొత్త బ్యాటరీయే అయినా ఆయుష్షు కొంత తగ్గినట్టే లెక్క. డెలివరీ రోజు కారు స్టార్టయిందా లేదా అనేది ఒక్కటే చూస్తే ఈ సంగతి తెలియదు. ఆరోజు స్టార్టవుతుంది. ఆరు నెలలకు, పెళ్లికి బయల్దేరిన పొద్దున, మొరాయిస్తుంది.

ఇక టైర్లు. ఈ విషయం దగ్గర నేను కాస్త ఆగాలి.

యార్డులో ఒకేచోట నిలబడి టైరు అడుగున చదును కాకుండా, ట్రెయిలరు మీద కట్టిన తాళ్లకు నలగకుండా, పంపేటప్పుడు గాలి ఎక్కువ కొడతారు. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. ఎంత బరువుకు ఎంత గాలి ఉండాలో అందులో రాసి ఉంటుంది. చాలా చిన్న కార్లకు అది 30, 33, 35 పీఎస్ఐ అలా ఉంటుంది. మా దగ్గరికి వచ్చేసరికి టైర్లలో 40 దాటి ఉంటుంది. దాన్ని చీటీలో ఉన్నంతకు దించాలి. అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎండలో నిలబెట్టిన టైరులో గాలి చూస్తే లెక్క తప్పుతుంది. మధ్యాహ్నం వేడి మీద చూసి దించితే తెల్లారేసరికి తక్కువైపోతుంది.

2011 శ్రావణంలో, అప్పుడు నేను పనిచేసిన చోటు వేరు, ఒక శుక్రవారం పదకొండు డెలివరీలు పడ్డాయి. ఆషాఢమంతా ఈగలు తోలుకున్న షోరూము శ్రావణం వచ్చేసరికి జాతర అవుతుంది. వర్జ్యం వచ్చేలోపు అన్నీ బయటికి పోవాలి. చెక్‌షీటు మీద టిక్కులు పెట్టుకుంటూ పోయాను. టైరు ప్రెషరు అనే గడిలోనూ టిక్కు పెట్టాను. గేజి మాత్రం పట్టలేదు. ఆ కారు కొన్నాయన భార్యాబిడ్డలతో నేరుగా మహానందికి బయల్దేరాడు. పాణ్యం దాటినాక వాన. మలుపులో బ్రేకు వేస్తే కారు పట్టు తప్పి, రోడ్డు దిగి చేనులోకి పోయింది. గాలి ఎక్కువున్న టైరు రోడ్డును నడిమి భాగంతోనే పట్టుకుంటుంది, తడి రోడ్డు మీద ఆ పట్టు చాలదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నల్లరేగడి బురద కిటికీల దాకా కొట్టింది, అంతే.

మరుసటి రోజు ఆయన వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాం. వేయలేదు. నన్ను పక్కకు పిలిచి, "గాలి చూసినావా అబ్బాయ్?" అని అడిగాడు. చెక్‌షీటు నా చేతిలోనే ఉంది, టిక్కు అందులో ఉంది. "చూడలేదన్నా" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "వెనక సీట్లో మా పాప ఉండె" అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. అప్పటి నుంచి గేజి నా చొక్కా జేబులోనే ఉంటుంది. కారు గేటు దాటే ముందు నాలుగు టైర్లూ, స్టెప్నీ, నేనే పట్టుకుని చూస్తాను. టిక్కు ఆ తర్వాత.

ప్రయాణపు ఏర్పాట్లలో ఇంకొన్ని ఉన్నాయి. కొన్ని కార్లకు కుదుపులకు కిందికి కొట్టుకోకుండా స్ప్రింగుల మధ్య రబ్బరు దిమ్మలు పెడతారు. అవి తీయకపోతే కారు కట్టెబండిలాగా ఎగురుతుంది. తలుపుల అంచులకు నురుగు ముక్కలు, బానెట్ మీద తెల్ల ఫిల్మ్, సీట్లకు కవర్లు ఉంటాయి. కొత్తదనం పోతుందని సీటు కవర్లు నెలల తరబడి తీయనివాళ్లను చూస్తుంటాను. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో అది సీటు అంచును చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద ప్లాస్టిక్ కవరు ఉంచుకోవడం అంటే తలుపుకు బయటి నుంచి గడియ పెట్టడమే. ఆ కవర్లు మా దగ్గరే తీసేయనివ్వండి. ఫిల్మ్ సంగతీ అంతే. మా ఎండలు మీకు తెలుసు, ఏప్రిల్, మేలలో 42, 43 డిగ్రీలు మామూలు. ఆ ఎండకు ఫిల్మ్ జిగురు రంగు మీద గట్టిపడితే గోకి తీయాల్సి వస్తుంది.

కడగడంలో కూడా ఒక కిటుకు ఉంది. మాది సున్నపురాయి ప్రాంతం. బేతంచెర్ల నాపరాళ్లు పరచని ఇల్లు ఇక్కడ అరుదు. ఆ రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఎండలో బోరు నీళ్లతో కడిగి ఆరనిస్తే నల్ల కారు మీద తెల్ల చుక్కలు తేలతాయి, ఆ తర్వాత గుడ్డతో రుద్దితే పోవు. అందుకని నీడలో కడిగి, తడి ఆరకముందే మెత్తటి గుడ్డతో ఒత్తి తుడుస్తాం. ఇంటికి వెళ్లాక మీరూ అలాగే చేయండి.

కడిగిన తర్వాత ట్యూబులైట్ల కింద నిలబెట్టి ఒళ్లంతా చూస్తాం. రేకు మీద పడే లైటు గీత వంకర లేకుండా సాగిందంటే సొట్ట లేనట్టు. రంగు మందం చూసే చిన్న మీటరు ఉంటుంది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక తలుపు మాత్రమే 250, 300 చూపించిందంటే ఆ తలుపుకు మళ్లీ రంగు పడిందన్నమాట. దారిలో గీత పడి ఉండవచ్చు, యార్డులో తగిలి ఉండవచ్చు. అలాంటప్పుడు నా అభిప్రాయం ఒక్కటే, దాచకూడదు. కొనేవాళ్లకు చెప్పి, వద్దంటే ఇంకో కారు ఇవ్వాలి.

ఇంకో కారు ఇవ్వడానికి వీలు ఎప్పటిదాకా ఉంటుందో తెలుసా? రిజిస్ట్రేషను కాకముందు వరకు. ఇది మాత్రం పెన్నుతో రాసి పెట్టుకోండి. ఒకసారి ఛాసిస్ నంబరు మీద ఇన్సూరెన్సు కట్టి, లైఫ్ ట్యాక్సు కట్టి, మీ పేరు ఎక్కిందంటే ఆ కారు మీదే. బానెట్ కింద గీత కనిపించినా, కార్పెట్ కింద తడి కనిపించినా అప్పుడు మాట్లాడుకోవాల్సింది మరమ్మతు గురించే. కాబట్టి మిగతా డబ్బు కట్టే ముందే, నంబరుకు పంపే ముందే, "నాకు కేటాయించిన కారు చూపించండి" అని అడగండి. అది మీ హక్కు. ముహూర్తం రోజు కాదు, రెండు మూడు రోజుల ముందు, పగటి వెలుతురులో రండి.

వచ్చినప్పుడు ఏం చూడాలో కూడా చెబుతాను. ఛాసిస్ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. మన దేశంలో తయారైన కార్లకు అది ఎం అనే అక్షరంతో మొదలవుతుంది. చాలా కంపెనీలు పదో స్థానంలో సంవత్సరపు అక్షరం వేస్తాయి. ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025. ఒకటికీ సున్నాకీ పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు ఈ నంబర్లలో ఎక్కడా వాడరు. కంపెనీని బట్టి ఈ స్థానాలు మారవచ్చు కాబట్టి తయారైన సంవత్సరం, నెల ఎక్కడ ఉన్నాయో మమ్మల్నే అడగండి, చెప్పాల్సిందే. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో ఆ టైరు తయారైందని అర్థం. నాలుగు టైర్లు దగ్గరదగ్గర వారాలవి అయి ఉండాలి. ఒక్కటే కొత్తగా కనిపిస్తే ఎందుకని అడగండి. తిరిగిన కిలోమీటర్లు కొన్ని పదులు ఉంటే కంగారు పడొద్దు, యార్డు నుంచి షోరూముకు నడిపినవి. వందలు దాటి ఉంటే మాత్రం అడగాల్సిందే.

ఇక సెట్టింగులు. పదేళ్ల కిందట సెట్టింగులంటే గడియారం సరిచేసి, ఆకాశవాణి కర్నూలు పట్టించి, అద్దాలు తిప్పి ఇవ్వడమే. ఇప్పుడు ఒక్క స్క్రీనులోనే పదుల కొద్దీ మెనూలు. ఎక్కువ షోరూముల్లో డెలివరీ ఇచ్చే కుర్రవాడు ఇరవై నిమిషాల్లో అన్నీ గబగబా నొక్కి చూపిస్తాడు. కొన్నవాళ్లు తలూపుతారు, ఫొటో దిగుతారు, పోతారు. వారం తిరక్కముందే ఫోను వస్తుంది. "సిగ్నల్ దగ్గర బండి దానంతటదే ఆగిపోతోంది సార్, ఇంజిను పాడైంది." పాడవలేదు, పెట్రోలు ఆదా కోసం ఆగినప్పుడు ఇంజినును ఆపి, కాలు కదిపితే మళ్లీ లేపే ఏర్పాటు అది. వద్దనుకుంటే ఒక మీట నొక్కితే చాలు. "80 దాటితే కీచుమంటోంది, తీసేయండి." అది తీసేది కాదు. 2019 జూలై 1 నుంచి ప్రతి కారులోనూ డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ముందు సీట్ల బెల్టు హెచ్చరిక, వెనక పార్కింగు సెన్సార్లతో పాటు వేగం హెచ్చరిక కూడా చట్టప్రకారం తప్పనిసరి. 80 దాటితే ఉండుండి మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. ఈ రెండు మాటలు డెలివరీ రోజు నిదానంగా చెప్పి ఉంటే ఆ ఫోను వచ్చేది కాదు.

అందుకే నేను చెక్‌షీటు తెరవకముందే ఒక ప్రశ్న అడుగుతాను. "ఈ కారు ఎవరు నడుపుతారు?"

మొన్న ఒక ఉగాదికి కోడుమూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఉల్లిగడ్డ రైతు. బుకింగు ఆయన పేరు మీద, ఫోను నంబరు ఆయనది, సేల్స్ కాగితాలన్నీ ఆయనవే. పండగకు ముందురోజు సాయంత్రం రమ్మంటే కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను అడిగిన ప్రశ్నకు, "నాకు యాడ వస్తుందప్పా తోలేది, మా పాపది. బడికి పోయి రావల్ల" అన్నాడు. ఆమె టీచరు. రోజూ రెండు బస్సులు మారి బడికి పోతోందట. అప్పటిదాకా ఒక్క కాగితంలో కూడా ఆమె పేరు లేదు.

ఆమెను సీట్లో కూర్చోబెట్టాను. మనిషి పొట్టి. స్టీరింగు పైఅంచు మీటర్లకు అడ్డం వస్తోంది. వేగం అంకె సగమే కనబడుతోంది. "ఇట్లే ఉంటుందేమో అనుకున్నా అన్నా, డ్రైవింగు స్కూలు కారులో కూడా ఇంతే" అంది. సీటు పక్కన ఉన్న పిడిని పైకి పంపు కొట్టినట్టు కొట్టమన్నాను. సీటు ఒక్కో మెట్టు లేచింది. స్టీరింగు కింద గడి తీసి కిందికి వంచాను. అప్పుడు బానెట్ అంచు కనబడింది ఆమెకు. బెల్టు మెడకు ఒరుసుకుంటోంది, స్తంభం మీది బిగింపును రెండు మెట్లు కిందికి దించితే భుజం మీదికి వచ్చింది. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు ముందుకు జరిపాం. ఇవన్నీ అయ్యాకే అద్దాలు. సీటు కుదరకముందు అద్దాలు తిప్పడం దండగ. పావుగంట పట్టింది ఇదంతా. ఆ పావుగంట తర్వాత ఆమె స్టీరింగు మీద చేతులు వేసిన తీరే మారిపోయింది.

తర్వాత ఫోను. ఇప్పటి కార్లలో చాలావాటికి లోపల సిమ్ ఉంటుంది. కారు ఎక్కడుందో ఫోనులో చూడటం, ఇంట్లోంచే ఏసీ వేయడం, ప్రమాదమైతే సహాయానికి కబురు పంపడం దాని పని. దాన్ని తెరవాలంటే యజమాని నంబరుకు ఓటీపీ రావాలి. పెద్దాయనది మీటల ఫోను. ఓటీపీ ఆయన చదివి చెబితే, యాప్ కూతురి ఫోనులో పెట్టాం. అత్యవసర నంబరు ఆమె తమ్ముడిది. ఈ పని చేయకుండా వదిలిపెట్టాం అనుకోండి, ఏదో ఒక రాత్రి ఆమె చీకట్లో దారిలో ఆగిపోయి ఇంటికి ఫోను చేసేదాకా ఇది ఎవరికీ గుర్తుకు రాదు.

ఆమె కొన్న మోడల్‌లో కెమెరా, రాడారు ఉన్న భద్రతా ఏర్పాట్లు ఉన్నాయి. ముందు బండి మీదికి పోతుంటే అరుస్తుంది, అవసరమైతే తనే బ్రేకు వేస్తుంది. తెల్ల గీత దాటుతుంటే స్టీరింగును మెల్లగా లాగుతుంది. ఇది 44వ నంబరు హైవే మీద బాగుంటుంది. కోడుమూరు పల్లె దారుల్లో అంచు గీతలే ఉండవు, ఎదురుగా ట్రాక్టరు వస్తే రోడ్డు దిగాలి. అక్కడ ఆ లాగుడు భయపెడుతుంది. కాబట్టి దాన్ని ఆపే మీట ఎక్కడుందో చూడకుండా చేత్తో తడిమి నొక్కేదాకా ఆమెతో చేయించాను. ముందు ఢీ హెచ్చరికను మాత్రం ఆపొద్దని చెప్పి, త్వరగా అరిచేలా పెట్టాను. ఇంకో మాట కూడా చెప్పాను. ఈ ఏర్పాటు బండ్లనూ మనుషులనూ గుర్తుపట్టేలా చేసింది. రోడ్డుకు అడ్డం వచ్చే గొర్రెల మందను, ఎద్దులను గుర్తుపడుతుందని నమ్ముకోవద్దు. మాన్యువల్ కూడా ఆ హామీ ఇవ్వదు. "అయితే మా ఊర్లో నా కండ్లే నాకు దిక్కు" అంది. అవునమ్మా అన్నాను.

ఆమె కొడుక్కు ఆరేళ్లు. వెనక తలుపు తెరిచి, అంచులో ఉన్న చిన్న మీటను కిందికి తిప్పి, లోపలి నుంచి తలుపు తెరవమని వాడినే అడిగాను. వాడు ఎంత లాగినా రాలేదు. "పాడైపోయింది" అన్నాడు. తాత నవ్వాడు. ఈ చైల్డ్ లాక్ ఉందని తెలియక పిల్లలున్న ఇళ్లవాళ్లు ఏళ్లకేళ్లు తిరుగుతుంటారు. నాకు బాధగా ఉంటుంది.

మరునాడు పూజ. పూజ సంగతి కూడా రాయాలి, ఎందుకంటే నేను దానికి అడ్డం చెప్పేవాణ్ని కాదు. నేనూ నా బండికి నిమ్మకాయలు తొక్కించినవాణ్నే. కానీ ఇప్పటి కారుకు కళ్లు, చెవులు బయటే ఉన్నాయి. రాడారు ముందు గ్రిల్లు మధ్యనో, బంపరు కిందనో నున్నటి పలక వెనక ఉంటుంది. దండ దాని మీద వేలాడితే ఆ ఏర్పాటే పనిచేయదు. కెమెరా ముందు అద్దం పైన, లోపలి అద్దం వెనక ఉంటుంది. అక్కడ దేవుడి స్టిక్కరు అంటించినా, మిరపకాయల దండ కట్టినా కారుకు కన్ను పొడిచినట్టే. బంపరు మీది గుండ్రటి బొత్తాలు పార్కింగు సెన్సార్లు, నంబరు పలక పైన గాజు చుక్క వెనక కెమెరా. వీటి మీద పసుపు పూయొద్దు. బొట్లు బానెట్ మీద పెట్టండి, సాయంత్రానికి తడిగుడ్డతో తుడిచేయండి. ఎండలో కాగిన తెల్ల రంగు మీద పసుపు ఎక్కువసేపు ఉంటే మరక మిగులుతుంది. హారతి పళ్లెం బానెట్ మీద పెట్టొద్దు. పూజ అయ్యాక దండ తీసి, నమస్కారం చేసి, అప్పుడు కదలండి. పూజారులకు కూడా ఇదే చెబుతుంటాను, ఇప్పుడు వాళ్లే ముందు నన్ను అడుగుతున్నారు, "ఎక్కడ పెట్టొద్దు నాయనా?" అని.

పెద్దాయన ముందు బంపరుకు ఇనుప గార్డు వేయించమన్నాడు. పల్లెల్లో దాదాపు ప్రతివాళ్లూ అడుగుతారు. ఎద్దు కొమ్ము తగిలినా లైటు పగలకూడదని వాళ్ల ఆలోచన. కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిని వద్దంది. గుద్దుకున్నప్పుడు దెబ్బ ఎంత గట్టిదో కనిపెట్టే సెన్సార్లు ముందు భాగంలో ఉంటాయి. ఇనుప గార్డు ఆ దెబ్బ తీరును మార్చేస్తే ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాల్సిన క్షణంలో తెరుచుకోకపోవచ్చు. ఎదుట నడిచిపోయే మనిషికీ అది యమపాశమే. "లైటు పోతే లైటు వస్తుంది పెద్దాయనా" అన్నాను. కూతురి వైపు చూసి, వద్దులే అన్నాడు.

పొద్దున ఆరున్నరకు కారును నీడలోంచి ముందుకు తెచ్చాం. నంబరు ఇంకా రాలేదు, తాత్కాలిక రిజిస్ట్రేషను చీటీ అంటించి ఉంది. మా జిల్లా బండ్ల మీద ఏపీ 21 ఉండే రోజుల్లో ఎక్కడ చూసినా మనూరి బండి అని పోల్చుకునేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ ఆనందం పోయింది. పూజారి మంత్రం చదివాడు. పిల్లవాడు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాడు. వాడి తాత కొబ్బరికాయ కొట్టాడు. ఆమె దండ తీసి వెనక సీట్లో పెట్టి, బెల్టు పెట్టుకుని, అద్దంలో ఒకసారి చూసుకుంది. నేను గేజి తీసి నాలుగు టైర్లూ మళ్లీ చూశాను. 33, 33, 33, 33.

"ఇంగ పోవచ్చా అన్నా?" అని అడిగింది.

"పోండమ్మా" అన్నాను.

నిమ్మకాయలు చితికిన చప్పుడు వినబడింది. గేటు దగ్గర ఎడమ ఇండికేటరు వేసి, ఆగి, రెండు వైపులా చూసి తిరిగింది. అప్పటికి మా బేలో ఇంకో ఐదు బండ్లు లైనులో ఉన్నాయి. ముందున్న దానికి ఇంకా ఫ్యూజు స్విచ్చి నొక్కలేదు.